వెన్నెల దారిన సముద్రానికి

జులై నెలలో పౌర్ణమికి దగ్గరగా వచ్చే శనివారం సాయంత్రం, తూర్పు లండన్ హాక్నీ ప్రాంతంలోని లండన్ ఫీల్డ్స్ పార్కులో కాలు పెట్టే చోటుండదు. పచ్చిక మీద ఎటు చూసినా సైకిళ్ళే. రేసు సైకిళ్ళు, మడత సైకిళ్ళు, ఇద్దరు కలిసి తొక్కేవి, తాతల కాలం నాటి ఇనుప సైకిళ్ళు. ఎనిమిది దాటాక ఎవరో పదిమంది కదులుతారు. వాళ్ళ వెనక ఇంకో ఇరవై మంది. జెండా ఊపడం, ఈల వేయడం ఏమీ ఉండవు. మర్నాడు పొద్దుటికి వీళ్ళలో చాలామంది దాదాపు 180 కిలోమీటర్ల దూరాన, సఫోక్ కౌంటీ సముద్రపుటొడ్డున ఉన్న డనిచ్ అనే చిన్న పల్లెలో ఉంటారు.

ఈ ప్రయాణాన్ని ‘డనిచ్ డైనమో’ అంటారు. 1990ల తొలినాళ్ళలో కొద్దిమందితో మొదలై, ఇప్పుడు వేయిమందికి పైగా తొక్కే జాతరయింది. రుసుము లేదు, పేరు నమోదు లేదు, వీపున నంబరు లేదు. ముందు చేరినవాళ్ళ పేరు ఎవరూ రాసుకోరు, చివర చేరినవాళ్ళకోసం ఎవరూ గడియారం చూడరు. మొదటి రోజుల నుంచి దీన్ని నడిపించిన వాళ్ళలో లండన్ స్కూల్ ఆఫ్ సైక్లింగ్ స్థాపించిన ప్యాట్రిక్ ఫీల్డ్ ఒకరు. పెద్దలకు సైకిల్ నేర్పడం ఆయన వృత్తి.

శనివారం రాత్రే ఎందుకు? పున్నమి దాపునే ఎందుకు? ఈ రెండు ప్రశ్నల వెనక నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

1869 ఫిబ్రవరిలో జాన్ మేయల్ అనే యువకుడు, మరో ఇద్దరు మిత్రులు లండన్ నుంచి బ్రైటన్ సముద్రతీరానికి బయలుదేరారు. దూరం 85 కిలోమీటర్ల లోపే. కాని వాళ్ళ కింద ఉన్నది కొయ్య చక్రాలకు ఇనుప పట్టా బిగించిన వాహనం. చైను లేదు, పెడల్ నేరుగా ముందు చక్రానికే. ఎముకలు కదిలించేదని దానికి జనం పేరు పెట్టారు. రోజు రోజంతా తొక్కితే గాని బ్రైటన్ రాలేదు. ఆ వార్త ‘టైమ్స్’ పత్రికకు ఎక్కింది. సొంత కాళ్ళ బలంతో ఒక మనిషి నగరం నుంచి సముద్రం దాకా ఒక్క రోజులో వెళ్ళగలడని జనానికి అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత పదిహేను ఇరవై ఏళ్ళలో అన్నీ వరసగా వచ్చాయి. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిల్‌కు రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి చైను. నేటి సైకిల్ ఆకారం అదే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇంకోవైపు కార్మికుల చేతికి కాస్త తీరిక అందసాగింది. 1850 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళకు శనివారం మధ్యాహ్నం రెండింటికే పని ముగించాలంది. క్రమంగా మిగతా పనిచోట్లకూ శనివారం సగం సెలవు పాకింది. 1871 చట్టంతో బ్యాంకు సెలవులు వచ్చాయి. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి దాకా, గుమాస్తాకూ మిల్లు మనిషికీ తమదైన కాలమంటూ అంతే. అందులో సముద్రం చూసి రావాలంటే రైలు టికెట్టు కొనాలి, లేదా రాత్రిని కూడా వాడుకోవాలి.

రాత్రిని వాడుకోవాలంటే దీపం కావాలి. సైకిల్ కూడా బండి కిందే లెక్క అని ఒప్పుకున్న 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టమే, సూర్యుడు అస్తమించిన గంట తర్వాత నుంచి ఉదయించడానికి గంట ముందు దాకా సైకిల్‌కు దీపం ఉండి తీరాలంది. మొదట నూనె దీపాలు. ఆ తర్వాత కార్బైడ్ మీద నీటి చుక్కలు పడి పుట్టే ఎసిటిలీన్ గ్యాసు దీపాలు. వాటి తెల్లటి వెలుగుతో రాత్రి తొక్కడం మునుపటికన్నా సులువైంది. 1930లలో స్టర్మీ ఆర్చర్ కంపెనీ చక్రం ఇరుసులోనే డైనమో అమర్చి అమ్మింది. నూనె, గ్యాసు ఏవీ అక్కర్లేదు, తొక్కుతున్నంతసేపూ వెలుగు.

ఈ దీపం చట్టం నీడ మన ఊళ్ళ మీదా పడింది. లైటు లేని సైకిల్‌ను పోలీసు ఆపి టైర్లలో గాలి తీసేయడం, మున్సిపాలిటీకి డబ్బు కట్టి లైసెన్సు బిళ్ళ తెచ్చి సైకిల్‌కు తగిలించుకోవడం పాత తరానికి బాగా గుర్తు. ముందు చక్రానికి రాసుకుంటూ గుర్రుమనే డైనమో ఉన్న ఇల్లు కాస్త కలిగిన ఇల్లు. మిగతావాళ్ళు హ్యాండిల్‌కు కిరసనాయిలు దీపం తగిలించుకునేవారు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టిన రాలీ, బర్మింగ్‌హామ్‌లో పుట్టిన హెర్క్యులిస్ తెలుగు పల్లెల్లో ఇంటి పేర్లంత దగ్గరయ్యాయి. 1949లో మురుగప్ప కుటుంబం ఇంగ్లండ్‌కు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మద్రాసు దగ్గర టీఐ సైకిల్స్ పెట్టాక, హెర్క్యులిస్ మన రైతు ఇంటి గుమ్మంలోకే వచ్చేసింది. పాలు, గడ్డిమోపు, బియ్యం బస్తా, బడికెళ్ళే పిల్ల, అన్నీ దాని మీదే.

బ్రిటన్‌లో సైకిల్ సంఘాలూ అదే ఊపులో పెరిగాయి. 1878లో మొదలైన సైకిల్ యాత్రికుల క్లబ్బు ఒకటైతే, 1894లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన క్లారియన్ క్లబ్బు మరో రకం. దాని పేరు ఒక సోషలిస్టు వారపత్రికది. ఆ సభ్యులు సెలవు రోజున సైకిళ్ళెక్కి పల్లెలకు వెళ్ళి ఆ పత్రికను పంచేవారు, సభలు పెట్టేవారు. సైకిల్ వాళ్ళకు వ్యాయామమే కాదు, నగరపు పొగలోంచి బయటపడే హక్కు కూడా. నాకు ఈ సంఘాల్లోకెల్లా ప్రియమైనది ఇదే.

అయితే రోడ్డు వాళ్ళ చేతిలో ఎక్కువ కాలం నిలవలేదు. మోటారు కార్లు వచ్చాయి. 1934 ఒక్క ఏడాదిలో బ్రిటన్ రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. కార్ల సంఖ్య ఇప్పటితో పోలిస్తే ఏ మూలకూ చాలని రోజుల నాటి లెక్క అది. ఆ ఏడాదే రవాణా మంత్రి లెస్లీ హోర్ బెలీషా లండన్ శివారులో సైకిళ్ళకు ప్రత్యేక బాట తెరిచారు. సైకిల్ సంఘాలు సంతోషించలేదు. రోడ్డు నుంచి తమను పక్కకు నెట్టే పన్నాగం అని ఎదిరించాయి. వాళ్ళ భయం నిజమైందనే నేననుకుంటాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1949లో బ్రిటన్ ప్రజలు సైకిళ్ళ మీద ఏడాదికి సుమారు 2,400 కోట్ల కిలోమీటర్లు తిరిగారు. 1973 నాటికి అది దాదాపు 370 కోట్లకు పడిపోయింది. ఇరవై నాలుగేళ్ళలో ఆరో వంతు కూడా మిగల్లేదు. పగటి రోడ్డు పూర్తిగా కార్లదైంది.

మిగిలింది రాత్రి. శనివారం అర్ధరాత్రి దాటాక ఎసెక్స్, సఫోక్ పల్లెదారుల మీద కార్లు పెద్దగా తిరగవు. తాతలు మధ్యాహ్నం ఎండలో నిర్భయంగా తొక్కిన రోడ్డు, మనవలకు అర్ధరాత్రి వెన్నెలలోనే దొరుకుతుంది. డనిచ్ డైనమోలో నన్ను కదిలించేది ఇదే. సరదా కోసం రాత్రిని ఎంచుకున్నారనుకుంటాం గాని, పోగొట్టుకున్న రోడ్డును ఏడాదికి ఒక్క రాత్రి తిరిగి తీసుకోవడం అది. జులైలో అక్కడ తొమ్మిది దాటాక పొద్దు గూకుతుంది, అయిదుకల్లా తెల్లారుతుంది. చిన్న రాత్రి, పైగా పున్నమి దాపు. మన పంచాంగంలో చాలా ఏళ్ళు అది ఆషాఢ పౌర్ణమి అవుతుంది.

దారి లీ బ్రిడ్జ్ రోడ్డు మీదుగా ఎపింగ్ అడవిలోకి వెళుతుంది. అడవి దాటాక నగరపు దీపాలు వెనకబడతాయి. ఆ తర్వాత చిన్న చిన్న ఊళ్ళు: చెరువు గట్టున ఇళ్ళున్న ఫించింగ్‌ఫీల్డ్, తర్వాత సడ్‌బరీ, నీడమ్ మార్కెట్. కొండలు లేవు, కాని ఎగుడుదిగుళ్ళు తెల్లవార్లూ వదలవు. కాస్త ఎత్తెక్కి వెనక్కీ ముందుకీ చూస్తే ఎర్ర దీపాల బారు మలుపులు తిరుగుతూ కనిపిస్తుంది. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు లాంతర్లు కట్టుకుని రాత్రంతా సాగే బండ్ల బారును చూసినవాళ్ళకు ఆ దృశ్యం కొత్త కాదు. మొదటి ఏళ్ళలో మలుపుల దగ్గర గాజు సీసాల్లో కొవ్వొత్తులు వెలిగించి దారి చూపేవారట. ఇప్పుడు చేతిలో ఫోన్లున్నా, ముందున్న ఎర్ర దీపాన్ని అనుసరించి పోయేవాళ్ళే ఎక్కువ. ఊళ్ళవాళ్ళకూ ఈ రాత్రి అలవాటైంది. ఇంటి ముందు బల్ల వేసి టీ, రొట్టెలు అమ్ముతారు. పబ్బులు ఆలస్యంగా మూస్తారు. ఎక్కడో ఒక ఊరి హాల్లో నడిరాత్రి వేడి వేడి భోజనం దొరుకుతుంది.

ఈ తరహా ప్రయాణాలు ఇంకా ఉన్నాయి. 1976 నుంచి లండన్ బ్రైటన్ సైకిల్ యాత్ర పగటిపూట జరుగుతోంది. వేలమంది తొక్కి గుండెజబ్బుల పరిశోధనకు విరాళాలు సేకరిస్తారు. 2000ల నడుమ మొదలైన ‘ఫ్రైడే నైట్ రైడ్ టు ది కోస్ట్’ వేరే తీరు. శుక్రవారం అర్ధరాత్రి హైడ్ పార్క్ కార్నర్‌లో కలుస్తారు. ప్రతి మలుపులో ఒకరు నిలబడి అందరూ దాటేదాకా దారి చూపుతారు. ఎవరి టైరు పంక్చరైనా గుంపంతా ఆగుతుంది. ఒక్కరినీ వదిలి వెళ్ళరు. డనిచ్ దారిలో ఎవరి బాధ్యత వాళ్ళదే. రెండింటికీ వాటి అందం ఉంది గాని, తొలిసారి రాత్రి తొక్కేవాళ్ళకు ఏది మంచిదని ఎవరైనా నన్ను అడిగితే శుక్రవారం గుంపునే చెబుతాను.

ఇక డనిచ్. ఇంత దూరం తొక్కి చేరే ఊరు ఇప్పుడు నిజానికి ఊరే కాదు. కొన్ని ఇళ్ళు, ఒక పబ్బు, ఒక మ్యూజియం, గులకరాళ్ళ ఒడ్డు. ఒకప్పుడది ఇంగ్లండ్ పెద్ద రేవుల్లో ఒకటి. 1086లో రాజు వేయించిన డూమ్స్‌డే లెక్కల నాటికి అక్కడి జనాభా మూడువేల దాకా అంటారు. ఆ రోజుల్లో అది పెద్ద పట్టణం. రాజుకు కట్టాల్సిన పన్నులో 68,000 హెర్రింగ్ చేపలు ఉన్నాయి. ఆ లెక్కల పుస్తకంలోనే ఇంకో మాట ఉంది: రెండు కమతాల భూమిలో ఒకదాన్ని సముద్రం తీసుకుపోయిందని. అంటే ఊరు వైభవంలో ఉన్ననాడే కోత మొదలైంది.

1286 జనవరి మొదటి రోజుల్లో పెద్ద తుఫాను ఇళ్ళనూ చర్చిలనూ మింగింది. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు తమ మఠాన్ని లోపలి వైపుకు తరలించి మళ్ళీ కట్టుకున్నారు. ఆ రెండో మఠం గోడలే ఈనాడు మిగిలినవి. 1328లో ఇంకో తుఫాను ఇసుక మేటవేసి రేవు నోరు మూసేసింది. ఓడలు రాకపోతే రేవు పట్టణానికి మరణమే. 1347లో వందల ఇళ్ళు కొట్టుకుపోయాయి. ఊరు పోయింది గాని ఊరి హక్కు పోలేదు. 1832 సంస్కరణ చట్టం దాకా డనిచ్ ఇద్దరు పార్లమెంటు సభ్యులను పంపుతూనే ఉంది. అప్పటికి అక్కడ ఓటర్లు 32 మంది. చివరి పాత చర్చి ఆల్ సెయింట్స్. 1904 నుంచి కొండచరియ మీద నుంచి ముక్కలు ముక్కలుగా సముద్రంలోకి జారి, 1919లో దాని గోపురమూ పడిపోయింది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ బురద నీటి అడుగున ధ్వని తరంగాలతో వెతికి చర్చిల శిథిలాలను గుర్తించి 2013లో పటం ప్రచురించారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్ళూ బీచ్ రోడ్డూ కళ్ళముందే కోతకు గురవడం చూసినవాళ్ళకు డనిచ్ కథ దూరదేశపు వింత అనిపించదు.

తెల్లవారుజామున నాలుగు దాటాక అక్కడికి చేరిన వాళ్ళలో కొందరు చల్లటి నార్త్ సీ నీళ్ళలో దూకుతారు. మిగతావాళ్ళు గులకరాళ్ళ మీద ఒరిగి నిద్రపోతారు. ఒడ్డున ఉన్న టీ హోటల్ ముందు వరస కడుతుంది. అసలు కష్టం తర్వాత ఉంది. పల్లెకు రైలు లేదు; దగ్గరి స్టేషన్ డార్షమ్, అక్కడా ఆదివారం రైళ్ళు తక్కువ, సైకిళ్ళకు చోటు ఇంకా తక్కువ. అందుకే దక్షిణ లండన్ సైక్లిస్టుల సంఘం ఒకటి ముందుగా సీటు కొనుక్కున్న వాళ్ళకు బస్సులు, సైకిళ్ళకు లారీలు ఏర్పాటు చేస్తుంది. కొందరు మాత్రం తిరిగి తొక్కుకుంటూ పోతారు.

మన దగ్గరా రాత్రి తొక్కేవాళ్ళున్నారు. హైదరాబాద్‌లో ‘బ్రెవే’ పేరిట 200, 300, 400, 600 కిలోమీటర్ల ప్రయాణాలు జరుగుతాయి. 200కు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు గడువు, దారిలో కార్డు మీద ముద్రలు. పట్టుదల ఉన్నవాళ్ళకు అవి చాలా మంచివి. కాని గడువూ కార్డూ లేకుండా, పాలవాడి సైకిల్‌తోనైనా కలిసిపోగలిగే రాత్రి ఒకటి మనకూ కావాలని నా కోరిక. విజయవాడ నుంచి మచిలీపట్నం పక్కనున్న మంగినపూడి తీరం సుమారు 80 కిలోమీటర్లు, దారంతా చదును. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం కోసం ఎలాగూ వేలమంది అక్కడికి వెళతారు. నవంబరు రాత్రి పొడవు, ఎండ బెడద లేదు. జాతీయ రహదారి మీద లారీల పక్కన మాత్రం వద్దు. బందరు కాలువ వెంట, పక్క ఊళ్ళ మీదుగా దారి ముందుగా పగలు చూసి పెట్టుకోవాలి. ప్రతి మలుపులో ఒక మనిషి, గుంపు చివర పంక్చర్ సామానుతో ఇద్దరు, తిరిగి రావడానికి సైకిళ్ళెక్కించే రెండు మినీ లారీలు ఉంటే మొదటి ఏడాదికి సరిపోతుంది.