పరిశ్రమల అనుకూల చట్టాలు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత చరిత్ర

పరిశ్రమ స్థాపించదలచినవారికి భూమి, నీరు, విద్యుత్తు, అనుమతులు త్వరగా సమకూరేటట్లు, కార్యాలయాల చుట్టూ తిరిగే అవసరం తగ్గేటట్లు రాష్ట్ర శాసనసభ చేసే చట్టాలను, వాటికి అనుబంధంగా వెలువడే విధానాలను, ఉత్తర్వులను కలిపి పరిశ్రమల అనుకూల చట్టాలు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో వీటి మంచిచెడులు స్పష్టంగా కనిపించే ప్రాంతాలలో ఒకటి శ్రీ సత్యసాయి జిల్లా. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లాలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలు మార్గం మీదనే ఉన్నా, మొదటిది పట్టు మగ్గాలకు, రెండవది మోటారు వాహనాల తయారీకి, మూడవది సరిహద్దు పారిశ్రామికవాడలకు పేరుపొందాయి.

రాజ్యాంగ నేపథ్యం

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం పరిశ్రమలు, భూమి రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అయితే ప్రజాప్రయోజనం దృష్ట్యా తన నియంత్రణ అవసరమని పార్లమెంటు ప్రకటించిన పరిశ్రమలు కేంద్రం పరిధిలోకి వెళ్తాయి. భూసేకరణ, కార్మిక సంక్షేమం, విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉన్నందున వాటిపై కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయవచ్చు. 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం పెద్ద పరిశ్రమలకు కేంద్ర లైసెన్సును తప్పనిసరి చేయడంతో, రాష్ట్రాలకు భూమి కేటాయింపు, రుణం, రాయితీ వంటి పరిమిత సాధనాలే మిగిలాయి.

తొలి దశ

ఆ పరిమితిలోనే 1956లో రాష్ట్ర ఆర్థిక సంస్థ, 1973లో పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (ఏపీఐఐసీ) ఏర్పడ్డాయి. మొదటిది చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు అప్పులిచ్చేది. రెండవది భూమిని సమకూర్చి, రోడ్లు, నీరు, విద్యుత్తు కల్పించి ప్లాట్లుగా కేటాయించేది. 1978లో దేశవ్యాప్తంగా మొదలైన జిల్లా పరిశ్రమల కేంద్రాలు చిన్న పరిశ్రమల దరఖాస్తులకు జిల్లాస్థాయి ఆసరా అయ్యాయి.

వర్షాభావానికి, వలసలకు పేరుపడిన ఈ ప్రాంతంలో ఆ వసతుల ఫలితం మొదట హిందూపురంలో కనిపించింది. కర్ణాటక సరిహద్దును ఆనుకొని, బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం బెల్లం, చింతపండు, మిర్చి, పట్టుగూళ్ళ వ్యాపారానికి కేంద్రం. దీని చుట్టుపక్కల తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు, కిరికెర పరిసరాల్లో నూలు మిల్లు ఏర్పడ్డాయి. 1985 నుంచి వరుసగా మూడుసార్లు నందమూరి తారక రామారావు ఇక్కడి నుంచి శాసనసభకు ఎన్నికవడం పట్టణానికి రాజకీయ ప్రాధాన్యాన్ని తెచ్చింది. 1991 జూలైలో కేంద్రం లైసెన్సు విధానాన్ని చాలావరకు ఎత్తివేయడంతో పరిశ్రమ ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం పెట్టుబడిదారు చేతికి వచ్చింది. అప్పటినుంచి రాష్ట్రాలు పరస్పరం పోటీపడవలసి వచ్చింది.

ఏకగవాక్ష చట్టం

ఆ పోటీలో భాగంగా 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, 2001లో మౌలిక వసతుల కల్పనలో ప్రైవేటు భాగస్వామ్యానికి దారితీసిన చట్టం, 2002లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక ఏకగవాక్ష అనుమతుల చట్టం వచ్చాయి. ఏకగవాక్ష విధానం, అంటే సింగిల్ విండో, అనేక శాఖల అనుమతులకు ఒకే చోట దరఖాస్తు చేసుకొనే ఏర్పాటు. ఈ చట్టం రాష్ట్ర, జిల్లా స్థాయిలలో కమిటీలను ఏర్పరచి, ఉమ్మడి దరఖాస్తును ప్రవేశపెట్టి, ప్రతి అనుమతికి గడువు నిర్ణయించింది. గడువులోగా శాఖ స్పందించకపోతే అనుమతి లభించినట్లే భావించడం, నిబంధనలు పాటిస్తున్నట్లు పారిశ్రామికవేత్త స్వయంగా ధ్రువీకరించడం ఇందులోని ప్రధాన భావనలు. అధికారి జాప్యానికి దరఖాస్తుదారు మూల్యం చెల్లించరాదన్నది దీని మూలసూత్రం.

భూమి ప్రశ్న

అనుమతి త్వరగా వచ్చినంత మాత్రాన పరిశ్రమ రాదని ఆ తరువాతి దశాబ్దం నిరూపించింది. పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూములను లబ్ధిదారులు అమ్ముకోకుండా 1977 నాటి రాష్ట్ర చట్టం నిషేధించింది. సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చడానికి 2006 నాటి చట్టం రుసుము విధించింది. 2005లో కేంద్రం ప్రత్యేక ఆర్థిక మండళ్ళ చట్టం చేసిన తరువాత రాష్ట్రమంతటా పెద్ద విస్తీర్ణాలలో భూకేటాయింపులు జరిగాయి. హిందూపురానికి సమీపంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాలలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే పారిశ్రామిక ప్రాజెక్టుకు 8,800 ఎకరాలకు పైగా కేటాయించారు. వాగ్దానం చేసిన పరిశ్రమలు అక్కడ రాలేదు. ఆ కేటాయింపు సీబీఐ దర్యాప్తుకు, సుదీర్ఘ న్యాయవివాదాలకు దారితీసింది. ఉద్యోగాలు వస్తాయని ఆశించిన గ్రామాలకు దక్కినది నిరీక్షణే. 1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 కేంద్ర చట్టం పరిహారాన్ని పెంచి, సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. ఆంధ్రప్రదేశ్ 2018లో చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచి మినహాయింపునిచ్చింది.

విభజన తరువాత

2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 94వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాలలో పారిశ్రామికీకరణకు పన్ను ప్రోత్సాహకాలను ప్రస్తావించింది. దాని కొనసాగింపుగా, అనంతపురంతో సహా వెనుకబడిన జిల్లాలలో 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి వరకు స్థాపించిన కొత్త యంత్రాలపై ఆదాయపు పన్నులో అదనంగా 15 శాతం పెట్టుబడి భత్యం లభించింది. తెలంగాణ 2014లోనే పరిశ్రమల అనుమతులకు టీఎస్ ఐపాస్ చట్టం చేయగా, ఆంధ్రప్రదేశ్ 2015 ఏప్రిల్‌లో కొత్త పారిశ్రామిక విధానాన్ని ప్రకటించి, 21 రోజులలో అనుమతులిచ్చే సింగిల్ డెస్క్ పోర్టల్‌ను ప్రారంభించింది. సులభతర వాణిజ్యంలో రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే ర్యాంకులలో 2015లో రెండవ స్థానం పొందిన ఆంధ్రప్రదేశ్, 2016లో తెలంగాణతో కలిసి 98.78 శాతంతో ప్రథమ స్థానంలో నిలిచింది.

పెనుకొండలో కియా

ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న పెనుకొండకు ఆధునిక పరిశ్రమ 2017లో వచ్చింది. ఆ సంవత్సరం ఏప్రిల్ 27న దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం నెలకొల్పడానికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 44వ జాతీయ రహదారి వెంట ఎర్రమంచి వద్ద 530కి పైగా ఎకరాలను ఏపీఐఐసీ సమకూర్చింది. శ్రీశైలం వెనుకజలాల నుంచి కృష్ణా నీటిని ఎత్తిపోసే హంద్రీ–నీవా పథకంలోని గొల్లపల్లి జలాశయం నుంచి నీరు అందింది. 2019 జనవరి 29న ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలై, ఆగస్టులో తొలి మోడల్ సెల్టోస్ విడుదలైంది. 2023 నాటికి అక్కడ 10 లక్షల కార్లు తయారయ్యాయి. చట్టం ఇచ్చిన వేగానికి నీరు, రహదారి, బెంగళూరు, చెన్నైల సామీప్యం, ప్రత్యేక రాయితీలు తోడవడమే ఈ విజయానికి కారణం.

2019 జూలైలో శాసనసభ పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. భూములిచ్చిన ప్రాంతాల యువత ఆశకు ఇది చట్టరూపం. ఉద్యోగి ఎంపికలో స్వేచ్ఛ తగ్గుతుందన్నది పరిశ్రమల అభ్యంతరం. ఇటువంటి హర్యానా చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది.

ధర్మవరం మగ్గాలు

ధర్మవరం చరిత్ర వేరొక దిశను చూపుతుంది. ఇక్కడి చేనేతకారునికి కావలసినది పోటీకి తలుపులు తెరిచే చట్టం కంటే మరమగ్గాల పోటీ నుంచి కాపాడే చట్టం. 1985 నాటి కేంద్ర చట్టం చీరతో సహా కొన్ని వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించింది. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయినా మరమగ్గాలపై నేసిన చీరలు చేనేత పేరుతో అమ్ముడవుతుండగా, ముడిపట్టు ధరల భారం నేతకారునిపైనే పడుతోంది. సొంత మగ్గమున్న చేనేత కుటుంబానికి ఏటా 24,000 రూపాయలిచ్చే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే ప్రారంభించింది. కాని ధనసహాయం మార్కెట్ రక్షణకు ప్రత్యామ్నాయం కాజాలదు.

ఇటీవలి పరిణామాలు

2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం 2024–29 పారిశ్రామికాభివృద్ధి విధానాన్ని ఆమోదించింది. 2025లో కర్మాగారాలలో రోజువారీ గరిష్ఠ పనివేళలను 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని కార్మిక సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి.

మూల్యాంకనం

ఈ ప్రాంత అనుభవం ప్రకారం అనుమతుల చట్టం పరిశ్రమకు అవసరమే గాని చాలదు. నీరు, భూమి, మార్కెట్ కుదిరిన పెనుకొండలో అది ఫలించింది. పరిశ్రమ ఖాయం కాకముందే భూమిని సమీకరించిన చిలమత్తూరు, గోరంట్లలో రైతులకు నష్టమే మిగిలింది. ధర్మవరం విషయంలో ఇప్పటికే ఉన్న చేనేత రక్షణ చట్టాన్ని గట్టిగా అమలు చేయడమే పరిశ్రమకు చేసే మేలు. పెట్టుబడిదారుకు ఇచ్చే గడువు హామీ వంటిదే భూమి ఇచ్చిన రైతుకు, కార్మికునికి, నేతకారునికి కూడా చట్టంలో లభించినప్పుడే ఈ శాసనాలు తమ ఉద్దేశాన్ని పూర్తిగా నెరవేర్చినట్లవుతుంది.