కాలిన దేహము – దానమైన రక్తము

నాంపల్లి స్టేషను మొదలు ఆబిడ్స్ కూడలి వరకు గల ప్రాంతము మన నగరమున మిక్కిలి సందడి గలది. అంగళ్ళు, హోటళ్ళు, గిడ్డంగులు, వాటిపై కాపురములు ఒకదానినొకటి ఒరసికొని ఉండును. ఇట్టి చోట పుట్టిన నిప్పు ఒక్క ఇంటి ఆపదగా నిలువదు. 1938లో పబ్లిక్ గార్డెన్సులో ప్రారంభమై, 1946లో నాంపల్లి మైదానమునకు మారిన నుమాయిష్‌లో, 2019 జనవరి 30 రాత్రి అనేక దుకాణములు దగ్ధమైనవి. ప్రాణనష్టము కలుగకపోవుట భాగ్యము. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అట్టి భాగ్యము లేకపోయినది. క్రింది అంతస్తున నిలువచేసిన రసాయనములు అంటుకొనగా, పై అంతస్తులలోనివారు తొమ్మిదిమందికి తక్కువ కాకుండ మరణించిరి.

ఇట్టి వార్త వినినంతనే సహృదయులు రక్తదానమునకు ముందుకు వత్తురు. ఆ తలంపు శ్లాఘనీయము. అయితే కాలిన రోగికి రక్తము ఎప్పుడు కావలెను? ఎంత కావలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు వైద్యశాస్త్రమునకు దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

1901లో వియన్నా శాస్త్రజ్ఞుడు లాండ్‌స్టైనర్ రక్తవర్గములను వెల్లడించెను. 1914 ప్రాంతమున, సిట్రేటు కలిపినచో రక్తము గడ్డకట్టదని తెలిసినది. అంతట ఒకరి రక్తము మరొకరికి ఎక్కించుట సుకరమైనది. కెనడాలోని టొరాంటో నగరమున రాబర్ట్‌సన్ అను వైద్యుడు 1920 తరువాతి ఏండ్లలో, కాలిన పిల్లల రక్తమును కొంత తీసివైచి, ఇతరుల రక్తమును ఎక్కించుచుండెను. కాలిన చర్మమునుండి విషము పుట్టి రక్తమున కలియునని ఆయన నమ్మకము.

ఈ నమ్మకమును సడలించినది ఒక నాటకశాల ప్రమాదము. 1921లో అమెరికాలోని న్యూహేవెన్‌లో రియాల్టో థియేటరు కాలిపోయినది. అచటి క్షతగాత్రుల బొబ్బలలోని నీటిని అండర్‌హిల్ అను ఆచార్యుడు పరీక్షించెను. అది ఉత్త నీరు కాదు. రక్తములోని ద్రవభాగమునే పోలియున్నది! చెరువుకట్టకు సన్నని గండ్లు పడినచో నీరు జారిపోయి అడుగున బురద చిక్కబడును గదా. అట్లే కాలిన దేహమున సూక్ష్మనాళములు కారి, నీరు, లవణములు, మాంసకృత్తులు బయటికి పోవును. ఎర్రకణములు మిగిలి రక్తము చిక్కబడును. కనుక తొలి గంటలలో రోగి కోల్పోవునది ముఖ్యముగా ద్రవమే.

1942 నవంబరు 28న బోస్టనులో కోకోనట్ గ్రోవ్ అను వినోదశాల కాలి 492 మంది మరణించిరి. అప్పుడు బ్రతికియున్నవారికి ప్లాస్మా విరివిగా ఎక్కించిరి. 1968లో డల్లాస్ నగరమున బాక్స్‌టర్, షైర్స్ అనువారు లవణజలమే ప్రధానమని చూపి ఒక సూత్రమును ప్రకటించిరి. దేహము బరువును కిలోలలోను, కాలిన భాగమును శాతములోను లెక్కించి, ఆ రెంటి లబ్ధమును నాలుగుచే గుణించినచో మొదటి ఇరువదినాలుగు గంటలకు కావలసిన మిల్లీలీటర్లు వచ్చును. యాబది కిలోల మనిషికి ముప్పది శాతము కాలినచో ఆరు లీటర్లు! అందు సగము మొదటి ఎనిమిది గంటలలోనే ఈయవలెను. ఈ ఎనిమిది గంటలు కాలిన క్షణమునుండి లెక్క. ఆసుపత్రి చేరినది మొదలు కాదు. 1908 నాటి మూసీ వరద తరువాత అఫ్జల్‌గంజ్‌లో వెలసిన ఉస్మానియా ఆసుపత్రికి నాంపల్లినుండి పోవు దారిలో గడచిన కాలమును ఆ లెక్కలోనిదే.

మరి రక్తమెప్పుడు? కొన్ని దినములకు రోగి రక్తహీనుడగును. వేడిమికి కొన్ని కణములు నశించును; ఎముకలలోని మూలుగ క్రొత్తవానిని మందముగా పుట్టించును. దీనికి తోడు శస్త్రచికిత్స. యుగోస్లావియాలోని మరిబోర్‌లో జోరా యాన్‌జెకోవిచ్ అను వైద్యురాలు, మృతచర్మమును పలుచని పొరలుగా చెక్కి, వెంటనే క్రొత్తచర్మము అతుకు పద్ధతిని 1970లో ప్రకటించెను. ఈ పద్ధతి అనేకులను బ్రతికించినది; కాని రక్తస్రావము హెచ్చు. దాత ఇచ్చిన సీసా ఇచట ప్రాణాధారము.

అట్లని ఎంత ఎక్కించిన అంత మేలా? 2006లో అమెరికా, కెనడా దేశముల వైద్యులు పరిశీలింపగా, ఎక్కువ రక్తము పొందినవారిలో అంటురోగములు, మరణములు హెచ్చుగా కనబడినవి. కాని జబ్బు ముదిరినవారికే ఎక్కువ రక్తము ఎక్కింతురు గదా! ఈ చిక్కు విడదీయుటకు పదునెనిమిది ఆసుపత్రులు కలిసి, హెచ్చుగా కాలిన 345 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించినవి. ఒక వర్గమున హిమోగ్లోబిన్‌ను 7–8 గ్రాముల మట్టమున, రెండవదానిని 10–11 గ్రాముల మట్టమున నిలిపిరి. ఫలితము 2017లో వెలువడినది. మరణములలోను, రక్తమున చేరు అంటులలోను భేదము కనబడలేదు. రక్తము మాత్రము ఒక వర్గమువారికి మధ్యస్థముగా ఎనిమిది సీసాలు, మరియొక వర్గమువారికి పదునారు. హృద్రోగులవంటివారి విషయమున వైద్యుడే నిర్ణయింపవలెను; తక్కినవారికి మితమే చాలునని స్పష్టమైనది.

మిగిలిన ఆ ఎనిమిది సీసాల విలువ మనకు తెలియనిదా? నాంపల్లి ప్రక్కనే రెడ్‌హిల్స్‌లో 1953లో నెలకొన్న నీలోఫర్ ఆసుపత్రి కలదు. రక్తహీనులైన పసివారికి, ప్రసవమున రక్తము కోల్పోయిన తల్లులకు కావలసినదియు ఈ రక్తమే. సుప్రీంకోర్టు 1996 నాటి తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తము అమ్ముకొనుట మన దేశమున నిషిద్ధము. కావున ప్రతి సీసా ఎవరో ఇచ్చిన దానమే. దానిని పొదుపుగా వాడుట దాతకు చేయు గౌరవము.

నిలువచేసిన ఎర్రకణములు 35 నుండి 42 దినములకు మించి నిలువవు. అగ్నిప్రమాదము జరిగిన రాత్రి అందరును గుమికూడి ఇచ్చినది, చికిత్స సాగు వారములలో కొంత మురిగిపోవచ్చును. కాలిన రోగికి రక్తము కావలసినదియు తరువాతి దినములలోనే. కనుక ప్రమాదమునకై ఎదురుచూడక, మూడునాలుగు నెలల కొకసారి క్రమముగా ఇచ్చువారే నిజమైన ఆపద్బాంధవులు. ఇక నిప్పంటిన ఇంట తొలి చికిత్స రక్తము కాదు, నీరు: కాలినచోట ఇరువది నిముషములు చల్లని పారునీరు పోసి, సిరా, పేస్టు వంటివి పూయక, రోగిని తడవు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఆ నిముషములను కాపాడుట మన చేతిలోని పని.