ఎలక్ట్రిక్ ఎగ్జాస్ట్ కటౌట్

ఎలక్ట్రిక్ ఎగ్జాస్ట్ కటౌట్ అనేది ఇంజిన్ పొగను సైలెన్సర్‌కు చేరకముందే బయటికి వదిలే, 12 వోల్టుల మోటారుతో నడిచే కవాటం. 20వ శతాబ్దపు తొలి దశకాల కార్లలో ఇలాంటి కవాటాలను కాలి పెడల్‌తోనో తీగతోనో తెరిచేవారు.

టర్బోచార్జర్ ఉన్న కారులో దీని ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. టర్బోలో పొగ తిప్పే టర్బైన్‌కు అందే శక్తి దాని ముందు, వెనుక ఉన్న పీడనాల నిష్పత్తిని బట్టి ఉంటుంది. కటౌట్ తెరవడంతో వెనుక పీడనం తగ్గితే టర్బో త్వరగా వేగం అందుకుంటుంది. అయితే అదనపు పొగను టర్బైన్ పక్కనుంచి మళ్లించే వేస్ట్‌గేట్ చిన్నదైతే, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి పీడనం) హద్దు దాటి ఇంజిన్ దెబ్బతినవచ్చు.

బిగింపులో చోటు ఎంపికే కీలకం. కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు దాటాక గొట్టాన్ని కోసి, వై ఆకారపు కొమ్మను వెల్డింగ్ చేస్తారు. సెన్సర్‌కు ముందు బిగిస్తే సందుల్లోంచి చొరబడే గాలి వల్ల ఇంధన మిశ్రమం కొలత తప్పుతుంది. గొట్టం వ్యాసం సాధారణంగా 63.5 లేదా 76 మి.మీ. మోటారును వేడికీ, రోడ్డు దెబ్బకూ దూరంగా ఉంచి, తీగకు ఫ్యూజు వేసి, స్విచ్చిని డ్రైవరుకు అందేలా అమరుస్తారు. కార్బన్ మోనాక్సైడ్ కారులోకి రాకుండా కొమ్మ మూతిని పక్కకు తిప్పడం తప్పనిసరి.

కాలిఫోర్నియా వాహన చట్టం 27150వ సెక్షన్ రోడ్డు వాహనాలకు కటౌట్‌ను నిషేధిస్తుంది. భారతదేశంలో 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 120వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సర్ ఉండాలి.