ఉత్తరం పక్కన ఏ మట్టి?

సెలవులు వస్తే పిల్లలు రంగు మట్టితో బొమ్మలు చేస్తారు కదా! ఆ బొమ్మ చేతుల్లో తాతగారి ఉత్తరమో, అమ్మమ్మ పెళ్లి శుభలేఖో నిలబెట్టి అద్దాల బీరువాలో పెడితే చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఆ మట్టి ఏమిటో ముందు తెలుసుకోవాలి.

1897లో ఇంగ్లండులోని బాత్ నగరంలో విలియం హార్బట్ అనే డ్రాయింగు మాస్టారు తన విద్యార్థుల కోసం ఎండిపోని మట్టి ఒకటి తయారుచేశారు. అదే ప్లాస్టిసిన్. అందులో నీటికి బదులు జిడ్డు ఉంటుంది కాబట్టి ఎన్నాళ్లయినా మెత్తగానే ఉంటుంది. పిల్లలకు వరమైన ఆ గుణమే కాగితానికి శాపం. గారెలు పెట్టిన పేపరు మీద తేలినట్టు, నూనె మరక నెమ్మదిగా పాకుతుంది. ఆ తర్వాత వచ్చిన పాలిమర్ క్లే నిజానికి మట్టి కాదు, పీవీసీ ప్లాస్టిక్. మెత్తదనం కోసం అందులో కలిపే రసాయనం ఓవెన్‌లో కాల్చాక కూడా కొంత మిగిలే ఉంటుంది.

తగిలితేనే ముప్పు అనుకోకండి. కొన్ని వస్తువుల నుంచి వచ్చే ఆవిరి కూడా చేటు చేస్తుంది. 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ దీనికొక పరీక్ష కనిపెట్టారు. ప్రదర్శన పెట్టెలో వాడదలచిన వస్తువు ముక్కను వెండి, రాగి, సీసం రేకులతో, కాస్త తేమతో గాజు పాత్రలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. రేకులు చెడితే ఆ వస్తువు పనికిరాదన్నమాట. కొన్ని రకాల చెక్కలు కూడా ఇందులో తప్పుతాయి. వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది, కాగితాన్నీ పెళుసుబారుస్తుంది.

మరి ఏది మంచిది? మన కుమ్మరి ఆవంలో బాగా కాలిన మట్టి. అందులో ఇక కారే నూనె లేదు, వచ్చే ఆవిరీ లేదు. గాజూ అంతే. కాగితపు గుజ్జు, మైదా జిగురుతో చేసిన బొమ్మలైతే వద్దు, పురుగులను పిలిచి మరీ కూర్చోబెట్టినట్టే.

మా ఇంట్లో మామగారు రాసిన పోస్టుకార్డు ఒకటి ఉంది. ఆయన చేతిరాత ఇంకెక్కడా లేదు. బొమ్మ విరిగితే మరొకటి చేసుకుంటాం, ఆ కార్డు మళ్లీ రాదు. అందుకే దాన్ని పాలిస్టర్ కవరులో పెట్టి, కాల్చిన మట్టి స్టాండుకు ఆనించాం. గమ్ము లేదు, పిన్ను లేదు, ఎండ తగలదు. పిల్లలు తమ రంగు మట్టితోనే చేస్తామంటే ఒక ఉపాయం ఉంది. బొమ్మ చేతికి జిరాక్సు కాపీ ఇవ్వండి, అసలుది బీరువాలో దాచండి.