కంట్లము, అసిమి, చేసంచి



మాది నడిగడ్డ. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. పడమటనున్న రాయచూరికి తప్ప, ఏటిని దాఁటక మా గట్టువారు దూరదేశమునకుఁ బోఁజాలరు. అందుచేత మాకు మూటల చరిత్ర యనఁగా చాలవఱకు రేవుల చరిత్రయే.

ఈ సంగతి నాకు స్ఫురించుటకుఁ గారణము మా మనుమఁడు. గత సంవత్సరము వాఁ డొక యుద్యోగపు పరీక్షకై విమానముమీఁద ఢిల్లీకిఁ బోవలసి వచ్చెను. శంషాబాదు వఱకు మోటారుసైకిలుపైననే పోయెదననెను. ఆ బండికి వెనుక నిరుప్రక్కల రెండు అల్యూమినియపు పెట్టెలు బిగించియున్నవి. వాఁడొక పెట్టెను తాళము త్రిప్పి యూడఁదీసి, పిడి పట్టుకొని యెత్తి చూపి, "తాతా, దీనినే చేతఁ బట్టుకొని విమానమెక్కెదను. వేఱే సంచి యెందులకు?" అనెను. ఈ యూహ వానిది కాదనియు, వాని ముత్తాతకుఁ దాతయైనవానికిని తెలిసినదే యనియు నేను చెప్పఁబోఁగా, వాఁడు నవ్వి తన పనిలోఁ దాను పడెను. వాఁడు వినని మాటలను మీరు వినెదరుగాక.

ఎద్దు వీఁపునకు అడ్డముగా వేయు జంటసంచిని మన పెద్దలు కంట్లమనిరి, పెరిక యనిరి. నడుమ కలిసియుండి, ఇరుప్రక్కల డొక్కలమీఁదికి వ్రేలాడు సంచి యది. దాని గుణమంతయు తూకములోనున్నది. ఒకవైపు బరువు హెచ్చినచో సంచి జరుగును; జరిగినచో వీఁపు ఒరయును; వీఁపు పుండైన యెద్దు పది దినములు పనికిరాదు. దింపునపుడుగూడ ఒకవైపు మాత్రము దింప వీలులేదు. ఇద్దఱు మనుష్యులు చెఱియొక ప్రక్క నిలిచి ఒక్కమాఱే యెత్తవలెను. ఎద్దునకు కుదిరిన సంచి మనుష్యుని చేతికిఁ గుదురదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుఁడు, మరల దీనికి వచ్చెదను.

బండ్లబాటలు లేని కాలమున దక్కను వర్తకమంతయు నీ సంచులమీఁదనే నడచినది. లంబాడీలు తీరమునుండి ఉప్పును, లోపలి సీమనుండి ధాన్యమును మోయించిరి. పదునేడవ శతాబ్దమున మన దేశమున సంచరించిన ఫ్రెంచి రత్నవర్తకుఁడు టావెర్నియే, పదివేలు, పండ్రెండువేలు ఎడ్లు గల బిడారులను వర్ణించెను. ధాన్యము, బియ్యము, పప్పు, ఉప్పు అను నాలుగింటిని నాలుగు తెగలవారు వేఱువేఱుగా మోయించుచుండిరని వ్రాసెను. 1791, 1792 సంవత్సరములలో కారన్‌వాలీసు టిప్పుసుల్తానుపై దండెత్తినపుడు ఆ సేనకు గింజలు చేర్చినవారు లంబాడీలే. ఆ యుద్ధముల కథలలో సేనానుల పేర్లున్నవి గాని సంచులు కుట్టినవారి పేర్లు లేవు.

ఇఁక రేవు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుఁడు పేయిజు, ఆనెగొంది యొద్ద తుంగభద్రను దాఁటు పుట్టులను చూచి వ్రాసెను: బుట్టవలె గుండ్రనివి, లోపల బద్దలు, వెలుపల తోలు, పదునైదు ఇరువదిమంది పట్టుదురు, గుఱ్ఱములును ఎడ్లును చాలవఱకు ఈఁది దాఁటును. 1652లో గండికోటలో మీర్‌జుమ్లాను దర్శించిన టావెర్నియేయు ఇట్టి తోలుబుట్టలమీఁదనే ఏరు దాఁటెను. పశువు ఈఁదునపుడు దాని సంచి యెక్కడనుండును? పుట్టిలో, మనిషి కాళ్లయొద్ద నుండును. ఉప్పుసంచి తడిసినచో ఏటిలోనే కరఁగి, ఒడ్డుచేరునప్పటికి గోనెయే మిగులును. కనుక రేవుకడ సంచి పశువును విడిచి మనిషిని చేరుట వేడుక కాదు, బ్రతుకుతెరువు.

ఐనను పెరికను భుజాన వేసికొని నడచినవాఁడు లేఁడు. భుజమున కెక్కినది అసిమి. ఇదియు నడుమ నోరు గలిగి రెండు కొనలును సంచులైన జంటసంచియే, కాని చిన్నది. గుఱ్ఱపు జీనుపై వేసిన నటునిటు వ్రేలాడును. దిగి భుజముపై వేసికొనిన ముందొకటి వెనుకొకటి నిలుచును. పారసీకులు దీనినే ఖుర్జీను అని నేసిరి. తురకల యేలుబడిలో మనవారు ఖుర్జీ యనిరి. జంతువునకును మనిషికిని సమానముగాఁ గుదిరిన సంచి లోకమున నిదియొక్కటే యని నాకుఁ దోఁచును.

అమెరికాదేశపువారు దీనినే మఱియొక రీతి వాడిరి. 1860 ఏప్రిలు మొదలు 1861 అక్టోబరు వఱకు గుఱ్ఱపు రౌతులు మిస్సోరీనుండి కాలిఫోర్నియాకు సుమారు పది దినములలో జాబులు చేర్చిరి. జీనుపైఁ బఱచు తోలుకప్పునకు నాలుగు మూలల నాలుగు తిత్తులు. గుఱ్ఱము మాఱునపుడు రౌతు ఆ కప్పును లాగి, క్రొత్త గుఱ్ఱముపై విసరి, దానిమీఁదనే కూర్చుండి పోవును. గుఱ్ఱములు మాఱినవి, రౌతులు మాఱిరి, సంచి మాత్రము మాఱలేదు.

మన వైపున 1830లో ఏనుగుల వీరాస్వామయ్య పానగల్లు, వనపర్తి, జడచర్లలమీఁదుగా హైదరాబాదునకు, అటనుండి కాశికిఁ బోయెను. బోయీల మూఁపులమీఁది సవారీ, వెంట పెద్ద పరివారము. మజిలీ మజిలీకిని వ్రాసిన సంగతులు 1838లో గ్రంథముగా నచ్చుపడినవి. ఎన్ని మూటలు పరులు మోసినను, ఆ కాగితములను ఆయన తన చేరువనే యుంచుకొనియుండవలెను. ఇది నా యూహ.

రైలును బస్సును వచ్చిన తరువాత ఈ వివేకము కొంత చెడినది. నిజాము రాష్ట్రమున 1932లో 27 బస్సులతో సర్కారువారి బస్సు మొదలయ్యెను. బస్సుకప్పుమీఁద సామాను వేయుట మాకు గొప్ప సుఖముగాఁ దోఁచెను. నా బాల్యమున మా తండ్రిగారు భూమి తగాదాకై మహబూబునగరునకుఁ బోవుచు, పట్టా కాగితములను ఇనుపపెట్టెలోఁ బెట్టి యొక బస్సుకప్పుమీఁది కెక్కించిరి. త్రోవలో వాన. కప్పిన గుడ్డ యెగిరిపోయినది. దిగి చూచునప్పటికి సిరా యంతయు ప్రాఁకి, హద్దుల వివరములున్న పుట నీలిమరక యైనది. నకళ్లకై తిరుగుటలో రెండేండ్లు గడచెను. మూఁడెకరముల చెలకలో ఒక యెకరము పోయెను. మా తాతగా రేమియు ననలేదు. చిలుకకొయ్యకు వ్రేలాడుచున్న తమ పాత అసిమిని దింపి, దులిపి, మా తండ్రిగారి ముందుంచి లేచిపోయిరి. అది తిట్టుకంటె నెక్కుడుగా నాటినది.

మరల మా మనుమని పెట్టె. అది కంట్లము జాతిది, అసిమి జాతిది కాదు. బండిప్రక్క కుదురుటకై లోవైపు ఏటవాలుగాఁ గోయఁబడినది. కొక్కెములు వెలికి పొడుచుకొనియున్నవి. విమానపు గదిలోనికిఁ గొనిపోవు సంచికి మన దేశమున సాధారణముగా ఏడు కిలోల పరిమితి. పొడవు వెడల్పు మందముల మొత్తము 115 సెంటీమీటర్లు. వేరుసెనగలు తూఁచు కాటాపై పెట్టితిమి. వట్టి పెట్టెయే నాలుగున్నర కిలోలు! పైఁగా దాని యడుగున రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరు పడియున్నవి. అట్టి పనిముట్లు తనిఖీకడ గదిలోనికి విడువఁబడవు. పెట్టెను విమానపు కడుపులోనికిఁ బంపినచో, అందున్న వాని అసలు పట్టాలును యోగ్యతాపత్రములును వాని చేయి విడుచును.

ఆ పెట్టెలో నొదుగునట్టి గుడ్డసంచి యొకటి అంగడిలో దొరకునని వాఁడే చెప్పెను. తెప్పించితిమి. భుజమున వేసికొను పట్టీ గలది. పత్రములు ముందుగా, బట్టలు వానిచుట్టు. పానాలు పెట్టెలోనే మిగిలినవి.

తెల్లవాఱక మునుపే వాఁడు బయలుదేఱెను. పూర్వము పుట్టికై పూఁట పూఁట కాచిన బీచుపల్లి కడ కృష్ణను వంతెనమీఁద నిమిషములో దాఁటెనఁట. శంషాబాదులో బండిని నిలిపి, పెట్టెలకుఁ దాళము వేసి, లోని సంచిని భుజాన వేసికొని పోయి, తూఁచిన పిదప ఫోను చేసెను.

"తాతా, ఆఱు కిలోల నాలుగువందలు. కాగితాలు నా దగ్గఱనే యున్నవి" అనెను.