సైదిరెడ్డి పొలిటికల్ జర్నీ: కారులో గెలుపు.. కమలంలో ఓటమి! పార్టీ మారినా అనర్హత వేటు ఎందుకు పడలేదంటే?

ఉమ్మడి నల్గొండ రాజకీయాల్లో పార్టీ మారడం కొత్తేం కాదు. కానీ శానంపూడి సైదిరెడ్డిది కాస్త భిన్నమైన కథ. హుజూర్‌నగర్‌లో కాంగ్రెస్ కోటను బద్దలు కొట్టిన ఆయన.. ఐదేళ్లు తిరక్కుండానే కమలం గూటికి చేరారు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ ఓటర్లు ఆయన్ని ఒకసారి భారీ మెజారిటీతో గెలిపించి, మరోసారి అంతకు మించిన తేడాతో ఓడించారు.

ఓటమితో మొదలు

నేరేడుచర్ల మండలం హుజూర్‌నగర్ అసెంబ్లీ సెగ్మెంట్‌లోకి వస్తుంది. 2009 నుంచి ఈ సీటులో ఉత్తమ్ కుమార్ రెడ్డిదే హవా. 2018లో టీఆర్ఎస్ టికెట్‌పై బరిలో దిగిన సైదిరెడ్డి 7,466 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

అయితే 2019 మే నెలలో ఉత్తమ్ నల్గొండ ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. దీంతో అక్టోబర్ 21న ఉపఎన్నిక జరిగింది. కాంగ్రెస్ నుంచి ఉత్తమ్ సతీమణి పద్మావతి రెడ్డి పోటీ చేశారు. ఫలితం చూసి అందరూ షాక్. సైదిరెడ్డి 43 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అదే ఉపఎన్నికలో బీజేపీకి కనీసం డిపాజిట్ దక్కలేదు.

నేరేడుచర్లకు ఏమొచ్చింది?

గెలిచిన రెండు రోజులకే, అక్టోబర్ 26న అప్పటి సీఎం కేసీఆర్ హుజూర్‌నగర్‌లో కృతజ్ఞత సభ పెట్టారు. హుజూర్‌నగర్ మున్సిపాలిటీకి రూ.25 కోట్లు, నేరేడుచర్ల మున్సిపాలిటీకి రూ.15 కోట్లు ఇస్తామని ప్రకటించారు. ఒక్కో గ్రామ పంచాయతీకి రూ.20 లక్షలు అన్నారు. అధికార పార్టీ ఎమ్మెల్యే ఉంటే నిధులు వస్తాయన్న ప్రచారానికి ఆ సభతో బలం వచ్చింది.

కానీ మూడు నెలలకే, 2020 జనవరిలో జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో నేరేడుచర్లలో ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. చైర్‌పర్సన్ ఎన్నిక ఎక్స్‌అఫీషియో ఓట్ల చుట్టూ తిరిగి పెద్ద వివాదమైంది. చివరికి పీఠం టీఆర్ఎస్‌కే దక్కింది.

సీన్ రివర్స్

* 2023 డిసెంబర్: హుజూర్‌నగర్‌లో ఉత్తమ్ చేతిలో సైదిరెడ్డి ఓటమి. తేడా 44,888 ఓట్లు
* 2024 మార్చి 10: ఢిల్లీలో బీజేపీలో చేరిక
* 2024 మార్చి 13: బీజేపీ రెండో జాబితాలో నల్గొండ ఎంపీ టికెట్
* 2024 జూన్ 4: కాంగ్రెస్ అభ్యర్థి కుందూరు రఘువీర్ రెడ్డి చేతిలో 5,59,905 ఓట్ల తేడాతో ఓటమి

పార్టీలో చేరిన మూడు రోజులకే టికెట్ వచ్చింది. గెలుపు మాత్రం రాలేదు. అయితే ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2019లో నల్గొండలో మూడో స్థానంలో ఉన్న బీజేపీ ఈసారి రెండో స్థానానికి వచ్చింది. బీఆర్ఎస్ మూడుకు పడిపోయింది.

మరి అనర్హత వేటు?

రాజ్యాంగంలోని పదో షెడ్యూల్.. అదే 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం. ఇది పదవిలో ఉన్న ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలకే వర్తిస్తుంది. గెలిచిన పార్టీని వదిలేసినా, విప్ ధిక్కరించినా సభ్యత్వం పోవచ్చు. సైదిరెడ్డి పార్టీ మారే నాటికి ఆయన ఎమ్మెల్యే కాదు. కాబట్టి ఆయన విషయంలో ఈ చట్టం ప్రసక్తే లేదు. తీర్పు నేరుగా ఓటర్లే ఇచ్చారు.

పదవిలో ఉండి మారిన వాళ్లూ ఈ జిల్లాలో ఉన్నారు. 2014లో కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన నల్గొండ ఎంపీ గుత్తా సుఖేందర్ రెడ్డి, మిర్యాలగూడ ఎమ్మెల్యే నల్లమోతు భాస్కర్ రావు 2016లో టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. ఇద్దరూ పదవీకాలం ఉన్నంత వరకు ఆ పదవుల్లోనే కొనసాగారు. భాస్కర్ రావు 2018లో కారు గుర్తుపై మళ్లీ గెలిచి, 2023లో ఓడిపోయారు. గుత్తా శాసనమండలి చైర్మన్ అయ్యారు.

అసలు లోపం ఎక్కడుంది?

అనర్హతపై నిర్ణయం తీసుకోవాల్సింది స్పీకర్. ఎన్ని రోజుల్లో తేల్చాలో చట్టంలో రాయలేదు. అందుకే పిటిషన్లు ఏళ్ల తరబడి నానుతుంటాయి. బీఆర్ఎస్ నుంచి గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లారంటూ 10 మంది ఎమ్మెల్యేలపై వచ్చిన పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

మొత్తంగా చూస్తే.. కుర్చీ లేనప్పుడు పార్టీ మారితే తర్వాతి ఎన్నికలోనే లెక్క తేలిపోతుంది. కుర్చీలో కూర్చుని మారితే మాత్రం ఓటేసిన జనం ఐదేళ్లు ఆగాల్సిందే!