వంద కోళ్ళ సీసా

తెల్లవారుజాము నాలుగున్నర. మార్గశిరం చలి. గోకవరం దాటి రంపచోడవరం వైపు వెళ్ళే దారిలో, కొండలు మొదలవడానికి కాస్త ఇవతల ఒక చిన్న ఊరు. వీధిలో ఒక్క దీపం వెలుగుతోంది. దాని కింద పశుమిత్ర అక్క మోపెడ్ ఆపి, హ్యాండిల్‌కి తగిలించిన ఐసు ఫ్లాస్కు విప్పుతోంది. గట్టిగా మాట్లాడకండి. కోళ్ళింకా గూళ్ళలోనే ఉన్నాయి. అవి లోపలున్నంతసేపే మన పని. తలుపు తీశామంటే ఒక్కటీ చేతికి చిక్కదు. పెంటకుప్ప మీదొకటి, గడ్డిమేటు కిందొకటి, పక్కింటి గోడ మీదొకటి.

ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య, ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న గాజు సీసాలు రెండు. ఒకటి లసోటా, పిల్లలకి. ఇంకోటి ఆర్‌టూబీ, ఎదిగిన వాటికి. టార్చి వెలుగులో సీసా అడుగు చూడండి. తెల్లటి పొడి, గడ్డకట్టినట్టు అంటుకుని ఉంది. అదే టీకా. చల్లటి ద్రావణం పోసి కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. ఎండ పొడ తగిలినా, వెచ్చబడినా ఇక అది మందు కాదు, ఉత్త నీళ్ళు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ సీసా వంద కోళ్ళకు సరిపోతుంది. ఈ వీధిలో ఏ ఇంట్లోనూ పదిహేనుకి మించి కోళ్ళు లేవు. ఒక ఇంటివాళ్ళు తమ పది కోళ్ళ కోసం సీసా విప్పితే తొంభై కోళ్ళ మందు నేలపాలు. అలాగని ఊరుకుంటే రోగం ఆ పదింటినీ వదలదు. మందు ఖరీదు కోడికి రూపాయో రెండో పడుతుంది, అది పెద్ద లెక్క కాదు. వీధిలో వాళ్ళందరినీ ఒకే తెల్లవారుజామున నిద్రలేపి కూడగట్టడమే అసలు కష్టం. అక్క నిన్న సాయంత్రం చేసింది ఆ పనే. నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పెట్టలెన్ని, పుంజులెన్ని, పిల్లలెన్ని అని రాసుకుంది. పెరటి కోళ్ళ పెంపకం గురించి పథకాలూ ప్రసంగాలూ చాలానే విన్నాను. వాటన్నిటికంటే ఆ నోటుబుక్కు మీదే నాకు గురి.

మొదటి ఇల్లు. నాలుగు కర్రల మీద ఎత్తుగా కట్టిన గూడు, పైన తాటాకు. అడుగున వెదురు బద్దలు సందు వదిలి వేశారు కాబట్టి రెట్ట కిందికి రాలిపోతుంది, గూడు పొడిగా ఉంటుంది. ఇంటి కుర్రాడు టార్చి పట్టుకున్నాడు. అక్క చెయ్యి లోపలికి పోనిచ్చి మొదటి పెట్టను రెక్కలు కలిపి పట్టుకుని బయటికి తీసింది. కొక్ కొక్ అని సణుగుతోంది తప్ప గింజుకోవడం లేదు. చీకట్లో కోడికి కళ్ళు సరిగా ఆనవు. రెక్క విప్పితే లోపల ఈకలు పలచగా ఉన్నచోట చర్మం కనిపిస్తోంది. దాన్ని వేళ్ళతో పైకి లాగి, కిందకి సూది పోనిచ్చి, అర మిల్లీలీటరు. అంతే. మళ్ళీ గూట్లోకి కాకుండా పక్కనున్న గంప కిందకి, వేసినవీ వేయనివీ కలిసిపోకుండా. పిల్లలకి సూది లేదు, కంట్లో ఒక్క చుక్క. చుక్క పడ్డాక పిల్ల కన్ను మూసి తెరిచేదాకా అక్క దాన్ని వదలదు. తెరవకముందే వదిలితే తల విదిలిస్తుంది, చుక్క బయటికి పోతుంది.

మూడో ఇంటి దగ్గర మామ్మ గూటికి అడ్డంగా నిలబడింది.

"నా పెట్టకి సూదేంటే అమ్మాయ్? గుడ్లు పెట్టేదాన్ని పొడిస్తే గుడ్లాగిపోవూ?"

"నాలుగు రోజులు తగ్గొచ్చు మామ్మగారూ, మళ్ళీ పెడుతుంది. కొక్కెర వస్తే పెట్టే మిగలదు కదండీ."

మామ్మ మారుమాట్లాడలేదు. పోయిన ఎండాకాలం వెనక వీధిలో ఏం జరిగిందో ఆవిడ కళ్ళారా చూసింది. కొక్కెర తెగులు, పశువుల డాక్టర్లు రాణిఖేత్ అనేది, ముందు ఒక ఇంట్లో ఒక కోడి ముడుచుకుని మూల కూర్చోవడంతో మొదలవుతుంది. పచ్చగా, తెల్లగా నీళ్ళలాంటి రెట్ట. నోరు తెరుచుకుని ఊపిరి లాగుతుంది. రెక్కలు వాలిపోతాయి, మెడ వెనక్కి మెలి తిరుగుతుంది. మర్నాటికి పక్కింట్లో. టీకాలు పడని కోళ్ళలో జోరుగా వస్తే నూటికి 80, 90 పోతాయి. వచ్చాక మందు లేదు. జబ్బు కోడిని ఆదరాబాదరా కోసుకుని తిని, ఆ ఈకలూ పేగులూ వీధి చివర పారేస్తే కుక్కలూ కాకులూ మిగతా వీధులకి మోస్తాయి. అందుకే ఒక్క ఇంట్లో వేసి పక్కింట్లో మానేస్తే రోగానికి అక్కడ దారి తెరిచి ఉంచినట్టే.

మామ్మ పక్కకి తప్పుకుంది. "గంప జోలికి మాత్రం రాకు" అని వేలు చూపించింది.

గంపలో పొదుగుకోడి. వసారా మూల, అడుగున ఊకా ఇసకా పోసి గుడ్లు పేర్చారు; ఉరుములకి గుడ్లు మురగకుండా ఒక ఇనప మేకూ బొగ్గుముక్కా పెట్టారు. మేకు సంగతి ఏమో కానీ, ఊకా ఇసకా వెచ్చదనాన్ని నిలిపి ఉంచుతాయి. అక్క ఈ కోడికి ఇప్పుడు సూది వేయదు, పిల్లలు దిగాక చూస్తుంది. కానీ చీకటి ఉండగానే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. పొదగేసి నేటికి ఏడో రోజు. కోడి పొట్ట కింద చెయ్యి పెట్టి ఒక్కో గుడ్డూ తీసి టార్చి మూతికి ఆనిస్తోంది. దగ్గరికి వచ్చి చూడండి. పెంకు లోపలంతా ఎర్రటి వెలుగు. నడుమ నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్ళు చాపినట్టు సన్నటి రక్తనాళాలు. చుక్క కదులుతోంది. మామ్మ వంగి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఇన్నేళ్ళుగా కోళ్ళని పొదగేస్తున్నా లోపలి ప్రాణాన్ని ఇలా చూడటం ఆవిడకిదే మొదలు. మరో గుడ్డు ఏ గీతా లేకుండా ఉత్తగా వెలిగింది. అది పుంజు కలవని గుడ్డు. తీసి పక్కన పెట్టారు. ఉంచితే మురిగి పగిలి మిగతావాటిని చెడగొడుతుంది.

వీటిలో సగం గ్రామప్రియ గుడ్లు, మామ్మ కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ పెరట్లో పెంచుకోవడానికే వనరాజానూ గ్రామప్రియనూ తయారుచేసింది. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గ్రామప్రియ పెరట్లో తిరుగుతూనే 150కి పైగా పెడుతుంది. కానీ గుడ్ల మీద కూర్చోదు. పొదగాలంటే మళ్ళీ నాటు పెట్టే దిక్కు. పైగా ఈ గుడ్లలోంచి వచ్చే పిల్లలు తల్లి పెట్టినన్ని పెట్టవు. అయినా కోడలి లెక్క కోడలికుంది: కొన్ని గుడ్లకి, కొన్ని పిల్లలకి. రెండు రకాలూ పెరట్లో ఉండాలంటుంది. నాకూ అదే సబబనిపిస్తుంది.

తెల్లారింది. గూళ్ళ తలుపులు తీశారు, గంపలు లేపారు. వీధి మీదికి రంగులన్నీ ఒక్కసారి దూకాయి. కోడలు గుప్పెడు నూకలు చల్లింది, అంతకుమించి వేయదు. కడుపు నింపేది పెరడే. మొన్న సాయంత్రం తడిపిన గడ్డీ పేడా కూరి చెదపుట్ట దగ్గర బోర్లించిన కుండను ఇప్పుడు తిరగేసింది. కుండ నిండా చెదలు. పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగబడ్డాయి. పైసా ఖర్చు లేని మాంసకృత్తులవి. బస్తాల్లో దొరికే స్టార్టర్ దాణా మొదటి వారాల్లో మంచిదే, కాదనను. కానీ పది పిల్లల కోసం బస్తా కొంటే సగం పురుగు పడుతుంది.

పదింటికి షేర్ ఆటోలో సంతకి బయల్దేరాం.

సంత మొగలోనే ఒకతను అట్టపెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. లోపల గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు పూసిన పిల్లలు. చుట్టూ చంటిపిల్లలు, కొనమని మారాం. ఇవి గుడ్ల కోళ్ళ హేచరీల్లో పనికిరావని ఏరి తీసేసిన మగపిల్లలు. తల్లి వెచ్చదనం లేదు, టీకా పడిందో లేదో తెలియదు. చాలామటుకు నాలుగు రోజులు బతకవు. కొనకండి. పిల్లాడి చేతిలో చచ్చిపోయే ప్రాణిని బొమ్మలా అమ్మడం చూస్తే నాకు కడుపు రగులుతుంది.

ముందుకి రండి. నూకలూ తవుడూ జొన్నలూ అమ్మే బస్తాల వరస. కోడలు జొన్నలు కొంది, గుల్ల పొడి ఒక పొట్లం కొంది; తోలుగుడ్లు పెడుతున్న పెట్టకి సున్నం కావాలి. కొత్త గంప బేరం చేసింది. దాని పక్కనే కొండల మీంచి దిగినవాళ్ళు అడ్డాకుల కట్టలూ కందులూ వెదురు తట్టలూ పరుచుకున్నారు. కాళ్ళు కట్టిన కోళ్ళు వాళ్ళ పక్కనే నేల మీద. అవతల పందెం పుంజుల గుంపు: డేగ, కాకి, నెమలి అని రంగులు పిలుస్తూ మగవాళ్ళు. కత్తి కట్టి ఆడించే ఆ పందెం చట్టం ఒప్పనిది, నా మనసూ ఒప్పదు. అయితే అసీలు అనే ఈ పందెం జాతి ఈనాటిదాకా నిలిచిందంటే ఆ పెంపకందారుల శ్రద్ధే కారణమన్నది కూడా నిజం.

కోడలు ఒక కొండరెడ్డి అమ్మ దగ్గర కూర్చుంది. నల్ల పెట్టను చేతిలోకి తీసుకుంది. ఆమె చేతులు చూడండి. ముందు కంటి రెప్ప, ముక్కు రంధ్రాలు. తడి లేదు. ముక్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి వింది. గరగర లేదు. రెక్క కింద పేలు చూసింది. తోక ఎత్తి ఈకలకి రెట్ట అంటుకుందేమో చూసింది. తర్వాత తోక కిందున్న రెండు ఎముకల మధ్య వేళ్ళు ఆనించింది. రెండు వేళ్ళు పట్టాయి. గుడ్లు పెడుతున్న కోడే.

"ఎంతకిస్తావు వదినా?"

"ఆరొందలు."

"రెండు పెట్టలు తీసుకుంటాను, వెయ్యి చేసుకో."

"పండగ ముందు వెయ్యా? పదకొండొందలియ్యి."

బేరం కుదిరింది. పక్కనున్న వ్యాపారి ఇవే కోళ్ళను కాటా వేసి కిలో లెక్కన కొని రాజమండ్రి వ్యాను నింపుతున్నాడు. తినడానికి కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: వీలైతే పెంచిన మనిషి చేతి నుంచే కొనండి. ఆ కోడి ఏం తింది, ఎన్నాళ్ళది, ఏ టీకా పడింది అని అడిగితే జవాబు చెప్పగలిగేది ఆ మనిషే.

సంత వెనక మాంసం కొట్టు దగ్గర ఆ తేడా మీకే కనిపిస్తుంది. మూడు పంజరాలు. మొదటిది తెల్ల బ్రాయిలర్లు, 40 రోజులు అటూ ఇటూ వయసుకే రెండు కిలోలు. రెండో పంజరం మీద 'నాటు' అని సుద్దతో రాశారు. కానీ లోపలివన్నీ ఒకే ఎత్తు, ఒకే ఈడు, ఇంచుమించు ఒకే రంగు. సొనాలి. రోడ్ ఐలండ్ రెడ్ పుంజుకీ ఫయూమీ పెట్టకీ పుట్టిన సంకరం, బంగ్లాదేశ్‌లో మొదలై మనదాకా వచ్చింది. షెడ్డులో పెరిగే మంచి కోడే, తినొచ్చు, కానీ నాటుకోడి ధర పెట్టి కొనాల్సింది కాదు. మూడో పంజరంలో నాలుగే ఉన్నాయి, ఒకదాని ఈకకి ఇంకోదానికి పోలిక లేదు. మామ్మ చెప్పిపంపిన పుంజు అక్కడుంది. రొమ్ము ఎముక కొసను బొటనవేలితో నొక్కితే వంగుతోంది, కాలికి ముల్లు ఇంకా మొగ్గలోనే ఉంది: లేత పుంజు. కిలో పావు తూగడానికి దానికి అయిదారు నెలలు పట్టి ఉంటుంది. బ్రాయిలర్‌కి రెండింతలకి మించి ధర అంటే ఆ నెలల ఖరీదే అది.

కొట్టు అబ్బాయి ఈకలు చేత్తోనే పీకాడు. ఒళ్ళంతా పసుపు రాసి, గడ్డి మంట మీద తిప్పుతూ కాల్చాడు. నూగు చిటపటమని మాడింది, తోలు బిగిసి బంగారు రంగుకి తిరిగింది. ఆ వాసనకి వరసలో నిలబడ్డవాళ్ళు మాటలాపి అటే చూస్తున్నారు. తోలుతోనే ముక్కలు కొట్టాడు. కాళ్ళూ మెడా కార్జం కందనకాయా విడిగా పొట్లం. ఇంటికెళ్ళాక గంట పైగా సన్నటి సెగ మీద ఉడకాలి, అప్పుడే ఎముకలోంచి రసం దిగుతుంది.

ఇల్లు చేరాం. కొత్త పెట్టలు రెండూ ఆటోలోంచి దిగాయి. మామ్మ మనవరాలు వాటిని పాత కోళ్ళలో వదలబోయింది. కోడలు ఆపి పశువులపాక అవతల, కొత్త గంప కింద పెట్టించింది. రెండు వారాలు అక్కడే. సంతలో పది ఊళ్ళ కోళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. సంక్రాంతి దగ్గరపడేకొద్దీ ఆ తాకిడి ఇంకా పెరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు ఫారాల చుట్టూ కిలోమీటరు లోపలున్న కోళ్ళని తీసేయాల్సి వచ్చింది. రోగానికి ఫారం, పెరడు అన్న తేడా లేదు. అందుకే ఇంట్లో వాటికి ముందు మేత, నీళ్ళు, కొత్తవాటికి ఆఖర్న, ఆ తర్వాత కాళ్ళూ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి. చెప్పులు గంప దగ్గరే విడవాలి.

వంటింట్లో మామ్మ అల్లం వెల్లుల్లి నూరుతోంది. పక్కింటి ఆవిడ గోడ మీంచి తొంగి చూసి, "నల్ల పెట్ట బాగుందే, ఓసారి చూపించవా" అంది.

"రెండు వారాలాగి రా అక్కా. ఈలోగా మీ పెరట్లోంచి ఇటు దాటొచ్చే కోళ్ళకి అడ్డంగా ఆ కంచె సందు మూయించు" అంది కోడలు.